కాల్వ వెంట నడిచినట్టు: లినక్స్ కంప్యూటరుకు నెట్ రాకపోతే ఎక్కడెక్కడ చూడాలి

మా నాన్నకు మిర్యాలగూడ పక్కన సాగర్ ఎడమ కాల్వ కింద రెండెకరాల వరిపొలం ఉండేది. అదీ మేజరు అనే పంపిణీ కాల్వకు చిట్టచివర. పైవాళ్లు తడుపుకోగా మిగిలితేనే మాకు. పొద్దున మడిలో నీళ్లు లేవంటే నాన్న పార భుజాన వేసుకుని బయలుదేరేవాడు. ముందు పిల్లకాల్వ, తర్వాత తూము, ఆ తర్వాత మేజరు. తూము దగ్గర నీళ్లు కనిపిస్తే అక్కడినుంచి వెనక్కి తిరిగేవాడు. తప్పు తూముకూ మడికీ మధ్యనే ఉందన్నమాట, ఏ గట్టుకో ఎండ్రకాయ బొక్క పడి ఉంటుంది. తూము కూడా ఎండి ఉంటే కాల్వ నీళ్లు వదిలే లస్కరును వెతుక్కుంటూ పైకి పోయేవాడు. ఇంట్లో కూర్చుని డ్యామును తిట్టగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

నేను వ్యవసాయం చేయలేదు. బియ్యం మిల్లులో లెక్కలు రాసే గుమస్తాను. మా అమ్మాయి హైదరాబాదు చదువుకు పోతూ వదిలేసిన ల్యాప్‌టాప్ విండోస్‌తో మొరాయిస్తుంటే దానిలో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. అది పరుగెత్తడం చూసి మా వీధిలో మరో నాలుగిళ్లవాళ్లు అడిగి ఎక్కించుకున్నారు. ఎక్కించిన పాపానికి ఇప్పుడు ఎవరికి నెట్ ఆగినా మా గేటు చప్పుడవుతుంది. అందరూ చెప్పేది మూడే మాటలు: "నెట్ రావడం లేదు." ఆ మూడు మాటల వెనక పది రకాల జబ్బులుంటాయి. పదింటికీ నేను చేసేది మాత్రం నాన్న చేసిన పనే: కాల్వ వెంట నడుస్తూ ఎక్కడిదాకా నీళ్లున్నాయో చూడటం.

ముందే ఒక మాట. టెర్మినల్ అంటే ఆదేశాలను టైపు చేసే కిటికీ. టెర్మినల్‌లో కొట్టే ఆదేశాలను ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరం పడితే లినక్స్ దాన్ని వేరే మాటగా చూస్తుంది. టెర్మినల్ తెరవడానికి కంట్రోల్, ఆల్ట్, టీ మీటలు కలిపి నొక్కితే చాలు.

కంప్యూటర్ జోలికి పోకముందు

చాలామంది మొదట చేసే పని రౌటర్ స్విచ్ ఆపి మళ్లీ వేయడం. నేను దాన్ని చివరికి ఉంచుకోమంటాను. ఆపి వేస్తే ఒక్కోసారి బాగవుతుంది, నిజమే. కానీ ఎందుకు ఆగిందో చెప్పే గుర్తులన్నీ దానితోపాటే చెరిగిపోతాయి. రేపు మళ్లీ ఆగితే మళ్లీ మొదటికి వస్తాం. ముందు చూడండి, తర్వాత ఆపండి.

గోడకున్న ఫైబర్ డబ్బా మీద దీపాలుంటాయి. పీఓఎన్ అని రాసి ఉన్న దీపం కదలకుండా వెలుగుతుంటే కాల్వలో నీళ్లున్నట్టు. ఎల్ఓఎస్ అని ఉన్న చోట ఎర్రదీపం వెలిగినా, మినుకుమన్నా బయటినుంచి వెలుతురు రావడం లేదన్నమాట. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని ఎన్ని ఆదేశాలు కొట్టినా వృథా ప్రయాసే. తీగ తెగిందో, ఎక్కడైనా మడత పడిందో చూడాలి. ఫైబర్ లోపల ఉండేది వెంట్రుకంత గాజుపోగు. రాగి తీగలాగా దాన్ని మేకు చుట్టూ బిగించి కట్టకూడదు. మడత పడిన చోట వెలుతురు బయటికి కారిపోతుంది. ఊడిన కొసను కంటి దగ్గర పెట్టుకుని "వెలుగు వస్తోందా" అని చూడటం ఇంకా పెద్ద పొరపాటు. అందులో వచ్చే వెలుతురు కంటికి కనిపించదు, కానీ కంటికి హాని చేస్తుంది.

మా వీధిలో తీగలకు అసలు శత్రువు కోతులు. మిల్లుల దగ్గర రాలిన గింజల కోసం వచ్చి, డాబాల మీదుగా పోతూ తీగలు పట్టుకుని ఊగుతాయి. నిరుడు వేసవిలో మా ఇంటి తీగను డాబా పిట్టగోడ దగ్గర రెండుసార్లు లాగి పడేశాయి. రెండోసారి తర్వాత ఆ పదడుగుల మేర ప్లాస్టిక్ గొట్టంలోంచి తీగను పోనిచ్చాను. మళ్లీ ఆ బాధ లేదు.

దీపాలన్నీ బాగానే ఉండి, పది నిమిషాలకోసారి అన్నీ ఒకేసారి ఆరి మళ్లీ వెలుగుతుంటే తప్పు ఫైబరుది కాదు, సాధారణంగా డబ్బాకు కరెంటు ఇచ్చే అడాప్టరుది. వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండే చోట అది మెల్లగా నీరసపడుతుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద రాసి ఉన్న వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉన్నా, కాస్త ఎక్కువున్నా పరవాలేదు.

దీపాలు సరిగా ఉంటే అదే వైఫైలో ఫోనుకు నెట్ వస్తోందేమో చూడండి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. వైఫైలో నెట్ లేకపోతే ఫోను మనకు చెప్పకుండా సిమ్ డేటాకు మారిపోతుంది. "ఫోనులో వస్తోంది, కంప్యూటరులోనే రావడం లేదు" అని నమ్మకంగా చెప్పినవాళ్లలో సగంమంది ఈ మాయలో పడినవాళ్లే. ముందు ఫోనులో మొబైల్ డేటా ఆపండి, తర్వాత చూడండి. ఫోనుకు వచ్చి కంప్యూటరుకు రాకపోతే జబ్బు కంప్యూటరుదే. రెండింటికీ రాకపోతే తూముకు పైన.

మడి వాకిట్లో

ఇక కంప్యూటర్. టెర్మినల్ తెరిచి ఎన్‌ఎంసీఎల్‌ఐ, ఒక ఖాళీ, డీ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ మొదటి మాట అయిదక్షరాలది: ఎన్, ఎం, సీ, ఎల్, ఐ. కంప్యూటరుకు ఎన్ని నెట్ ద్వారాలున్నాయో, ఏది ఏ స్థితిలో ఉందో నాలుగైదు వరుసల్లో చూపుతుంది. ఈఎన్ అక్షరాలతో మొదలయ్యేది తీగ ద్వారం, డబ్ల్యూఎల్‌తో మొదలయ్యేది వైఫై. ఎల్ఓ అనేది కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే దారి, దాన్ని పట్టించుకోవద్దు.

వైఫై ఎదురుగా 'డిస్‌కనెక్టెడ్' అని ఉంటే పరికరం బాగానే ఉంది, ఏ వైఫైకీ అతుక్కోలేదంతే. 'అన్ఎవైలబుల్' అని ఉంటే రెండు అనుమానాలు: వైఫైని ఎవరో ఆపేసి ఉండాలి, లేదా దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ లేకపోయి ఉండాలి. మొదటిది తేల్చుకోవడానికి ఆర్ఎఫ్‌కిల్ అని కొట్టండి. 'సాఫ్ట్' గడిలో 'బ్లాక్డ్' ఉంటే సాఫ్ట్‌వేర్ ఆపింది; ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అని, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఇచ్చి కొడితే తెరుచుకుంటుంది. 'హార్డ్' గడిలో 'బ్లాక్డ్' ఉంటే ఏ ఆదేశానికీ లొంగదు. ల్యాప్‌టాప్ పక్కన చిన్న మీటో, పై వరుసలో విమానం బొమ్మ ఉన్న బటనో ఎవరిదో చెయ్యి తగిలి నొక్కుకుపోయి ఉంటుంది. మా ఎదురింటి పిల్లవాడు ఇదే సంగతికి రెండు రోజులు క్లాసులు మానుకున్నాడు.

ఫర్మ్‌వేర్ లేకపోవడం కొత్తగా లినక్స్ ఎక్కించిన రోజున ఎదురయ్యే కష్టం. కొన్ని రకాల వైఫై చిప్పులకు నడిపే సాఫ్ట్‌వేర్ విడిగా దించుకోవాలి. దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే అది కావాలి. పెళ్లి కుదిరితే కానీ పిచ్చి కుదరదన్న సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. దీనికి విరుగుడు మీ జేబులోనే ఉంది. ఫోనును చార్జింగు తీగతో కంప్యూటరుకు కలిపి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను నెట్ కంప్యూటరుకు ఇచ్చేది) వేయండి. లినక్స్ దాన్ని తీగ ద్వారంగా గుర్తుపట్టి సాధారణంగా వెంటనే నెట్ తీసుకుంటుంది. ఆ కాసేపట్లో మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిచి, అది సూచించినది ఎక్కించి, కంప్యూటరును ఒకసారి ఆపి వేయండి. కొన్ని చార్జింగు తీగలు కరెంటు మాత్రమే మోస్తాయి; ఫోనులో టెథరింగ్ మీట కదలకపోతే ముందు తీగ మార్చి చూడండి.

వైఫై కాక తీగ వాడేవాళ్లు వెనక ద్వారం దగ్గర చిన్న దీపం వెలుగుతోందో లేదో చూడాలి. మా మిల్లు ఆఫీసు కంప్యూటరులో అది ఎంతకీ వెలగలేదు. తీగ మార్చాను, రౌటరులో గుచ్చే చోటు మార్చాను, ఫలితం లేదు. చివరికి ఫోను టార్చి వేసి ద్వారంలోకి చూస్తే ఎనిమిది లోహపు పోగుల మీద నల్లగా మెత్తటి పొర. ఊక కాల్చిన మసి. మా ఊళ్లో కిటికీ చువ్వల మీద, క్యాలెండరు మేకు మీద, ఆరేసిన బట్టల మీద పేరుకునే మసే అక్కడా చేరింది. కంప్యూటర్ ఆపి, వాడని టూత్‌బ్రష్‌తో మెల్లగా దులిపి, తీగ గుచ్చగానే పచ్చదీపం వెలిగింది. నోటితో ఊదకండి, ఉమ్మి తడి చేరితే లోహం చిలుం పడుతుంది.

చిరునామా దొరికిందా

కాల్వలో లస్కరు వంతు వేసినట్టే రౌటరు ఇంట్లోని ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా ఇస్తుంది. ఐపీ, ఖాళీ, ఏ అని కొట్టి మీ ద్వారం కింద 'ఐనెట్' అనే మాట ఉన్న వరుస చూడండి. 192.168 తో మొదలయ్యే అంకెలుంటే సాధారణంగా వంతు అందినట్టే. కొన్ని డబ్బాలు 10 తో మొదలయ్యేవి ఇస్తాయి, అదీ సరైనదే. విండోస్ వాడినవాళ్లకు 169.254 అంకెలు చూసిన గుర్తుండవచ్చు. ఎవరూ చిరునామా ఇవ్వకపోతే యంత్రం తానే పెట్టుకునే దొంగ చిరునామా అది. లినక్స్‌లో చాలాసార్లు అది కూడా కనిపించదు, ఆ వరుసే ఉండదు. అలా ఉంటే వైఫైని మరిచిపొమ్మని చెప్పి, సంకేతపదం కొత్తగా కొట్టి కలపండి. రౌటరు సంకేతపదం మార్చి కంప్యూటరుకు చెప్పడం మరిచిపోయిన ఇళ్లలో సాధారణంగా ఇక్కడితోనే కథ ముగుస్తుంది. కాకపోతే ఇదిగో, రౌటరును ఆపి వేయడానికి ఇదే సమయం. ఆపి, ముప్పై అంకెలు లెక్కపెట్టి, వేసి, మూడు నిమిషాలు ఆగండి.

కేక వేసి చూడటం

చిరునామా ఉంటే పింగ్ తీయండి. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్ రాసిన చిన్న ప్రోగ్రాం ఇది. జలాంతర్గాములను పసిగట్టే సోనార్ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. బావి గట్టున నిలబడి కేక వేస్తే ప్రతిధ్వని వచ్చినట్టు, అవతలి యంత్రం జవాబిస్తుంది. ఇన్నేళ్లయినా నాకు దీనికి మించిన పనిముట్టు దొరకలేదు.

మొదటి కేక రౌటరుకు. దాని చిరునామా తెలియకపోతే ఐపీ, ఖాళీ, ఆర్ అని కొట్టండి. 'డిఫాల్ట్ వయా' తర్వాత ఉన్న అంకెలే అది. చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది. ఇప్పుడు పింగ్, ఖాళీ, ఆ అంకెలు. విండోస్‌లోలాగా నాలుగుసార్లకు ఆగదు. కంట్రోల్, సీ నొక్కేదాకా అరుస్తూనే ఉంటుంది. జవాబులు రెండు మూడు మిల్లీసెకన్లలో వస్తుంటే మడినుంచి తూము దాకా అంతా బాగుందన్నమాట.

రెండో కేక ఊరి బయటికి: పింగ్ 8.8.8.8. ఇది గూగుల్ 2009 నుంచి నడుపుతున్న సర్వరు. నేను దీన్ని గుర్తుండే అంకెల కోసమే వాడతాను. 1.1.1.1 కూడా అలాంటిదే.

జవాబు రాకపోతే ఎలా రాలేదన్నది చూడండి, అసలు సంగతంతా దానిలోనే ఉంది. 'నెట్‌వర్క్ అన్‌రీచబుల్' అంటే కంప్యూటరుకు బయటికి పోయే దారే తెలియదు, కేక నోట్లోంచి బయటికే రాలేదు. అప్పుడు ఐపీ ఆర్ కొడితే డిఫాల్ట్ వరుస ఉండదు. 'హోస్ట్ అన్‌రీచబుల్' అని మీ సొంత చిరునామా పేరుతోనే వస్తుంటే కేక ఇల్లు దాటలేదు. రౌటరు బిగుసుకుపోయిందో, మీరు పాత అంకెలు పట్టుకుని వేలాడుతున్నారో. ఇక ఏ మాటా రాకుండా నిశ్శబ్దంగా ఉండి, ఆపినప్పుడు నూటికి నూరు శాతం నష్టమని చెబితే కేక బయటికి పోయింది, ప్రతిధ్వనే లేదు. మొదటి రెండూ మన ఇంటి తప్పులు. మూడోది రౌటరు పలుకుతుండగా వస్తే సాధారణంగా కంపెనీ తప్పు.

సాధారణంగా అన్నాను. ఒకసారి మూడో రకం చూసి కంపెనీవాళ్లకు ఫోను చేసి పావుగంట వాదించాను. దీపాలు బాగున్నాయి, రౌటరు పలుకుతోంది, బయటినుంచి జవాబు లేదు, మీదే తప్పు అని గట్టిగా చెప్పాను. అవతలి అమ్మాయి ఓపికగా అంతా విని, "సర్, మీ ప్లాను గడువు నిన్నటితో అయిపోయింది" అంది. లెక్కలు రాసేవాడి ఇంట్లో జరిగిన ముచ్చట ఇది. ఫోను చేసేముందు గడువు తేదీ చూసుకోండి.

అంకెలకు పలికి పేర్లకు పలకకపోతే

పింగ్ 8.8.8.8 కు జవాబు వస్తోంది, కానీ బ్రౌజరులో ఏ పేరు కొట్టినా పేజీ తెరుచుకోదు. ధాన్యం లారీని మేము ఊరి పేరుతో పిలుస్తాం, కాటా చీటీ మీద మాత్రం బండి నంబరే ఉంటుంది. రెంటినీ కలిపే పుస్తకం కనిపించకపోతే లారీ గేటు బయటే నిలబడుతుంది. నెట్‌లో ఆ పుస్తకం పేరు డీఎన్ఎస్. అది పోయిందని తేల్చుకోవడానికి పింగ్ తర్వాత అంకెలకు బదులు ఏదైనా వెబ్‌సైటు పేరు కొట్టండి. పేరు తెలియలేదని కంప్యూటర్ ఫిర్యాదు చేస్తే ఇదే జబ్బు.

సరిచేయడానికి టెర్మినల్ అక్కరలేదు. కింద మూలనున్న నెట్‌వర్క్ గుర్తు నొక్కి, మీ వైఫై సెట్టింగుల్లో ఐపీవీ4 భాగానికి పోండి. డీఎన్ఎస్ ఎదురుగా 'ఆటోమేటిక్' అన్నది ఆపి, అలాంటి పుస్తకాలు నడిపే సర్వర్ల చిరునామాలు 1.1.1.1 ఒకటి, 8.8.8.8 ఒకటి రాయండి. భద్రపరచి, వైఫైని ఒకసారి ఆపి వేస్తేనే కొత్త మాట చెల్లుతుంది. ఈటీసీ ఫోల్డరులోని రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలును చేత్తో మార్చమని కొందరు చెబుతారు. వద్దు. దానిలో 127.0.0.53 అని చూసి కంగారు పడి చెరిపేసినవాళ్లున్నారు. అది మీ కంప్యూటరులోనే ఉన్న చిన్న గుమస్తా చిరునామా, మీ పనే చేస్తున్నాడు. మీరు ఆ ఫైలులో రాసినది తర్వాత ఎప్పుడో చెరిగిపోతుంది కూడా.

అన్నీ పలుకుతాయి, పేజీలు మాత్రం రావు

ఇది నాకు ఒక రోజు పట్టిన చిక్కు. మిల్లు ఆఫీసు పాత డెస్క్‌టాప్. అంకెలకు పింగ్ వస్తోంది, పేర్లకు పింగ్ వస్తోంది. బ్రౌజరు మాత్రం ప్రతి సైటుకూ ఇది భద్రం కాదని ఎర్రజెండా ఊపుతోంది. వైరస్ అన్నాడు ఒకడు, కంపెనీవాళ్లు ఆపేశారన్నాడు ఇంకొకడు. సాయంత్రం రోకడ్ పుస్తకంలో తేదీ వేస్తూ యథాలాపంగా తెర మూలకు చూశాను. కంప్యూటర్ తేదీ రెండేళ్లు వెనక ఉంది.

ప్రతి సైటూ చూపే భద్రతా పత్రానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువుంటుంది. రెండేళ్ల కిందటి తేదీలో బతుకుతున్న కంప్యూటరుకు ఆ పత్రాలన్నీ ఇంకా పుట్టనివిగా కనిపించాయి. అసలు కారణం మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే బ్యాటరీ, సీఆర్2032 అంటారు, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. మిల్లులో రాత్రి మెయిన్ ఆపేసి పోతాం కాబట్టి రోజూ దాని మీదే భారం, చివరికి ఒట్టిపోయింది. మామూలుగా లినక్స్ నెట్ అందగానే సమయాన్ని సరిచేసుకుంటుంది. ఆ సదుపాయాన్ని ఎవరో ఆపి ఉంచారు. టైమ్, డేట్ మాటలు కలిపి చివర సీటీఎల్ చేర్చి కొడితే ఆ సదుపాయం, అంటే ఎన్‌టీపీ నడుస్తోందో లేదో చూపుతుంది. తేదీ, సమయం సెట్టింగుల్లో ఆటోమేటిక్ వేస్తే సరి. బ్యాటరీ గడియారాల దుకాణంలో దొరుకుతుంది. మార్చేటప్పుడు కరెంటు తీగ ఊడదీయండి, రాత ఉన్న వైపు పైకి పెట్టండి.

రెండు దారులు తెరిచి ఉంటే

మా పక్కింట్లో రిటైరయిన కండక్టరు గారున్నారు. వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ లేదు. ఐపీ ఆర్ కొడితే డిఫాల్ట్ వరుసలు రెండు కనిపించాయి. ఒకదాని చివర మెట్రిక్ 600, రెండోదానికి 100. ఆ అంకె ఎంత తక్కువైతే ఆ దారికి అంత మొగ్గు. 600 వైఫైది, 100 తీగది. తీగ ఎక్కడిదని బల్ల కింద దూరి చూస్తే, పాత కంపెనీ వదిలిపోయిన రౌటరు ఇంకా కరెంటుతో వెలుగుతూ ఈ కంప్యూటరుకు కలిపి ఉంది. దానికి బయటి లైను లేదు, అయినా చిరునామాలు మాత్రం ఇస్తోంది. లినక్స్ విశ్వాసంగా ఆ ఎండిన కాల్వలోకే బిందె ముంచుతోంది. తీగ పీకగానే నెట్ వచ్చింది. "ఇంతేనా అన్నా?" అన్నారాయన కాస్త నిరాశగా.

వచ్చి పోతుంటే

అసలు రాకపోవడం కంటే వచ్చి పోవడం విసిగిస్తుంది. ల్యాప్‌టాప్ అయితే వైఫై పొదుపును అనుమానించండి. బ్యాటరీ మిగల్చడానికి లినక్స్ వైఫైని మధ్యమధ్య కునుకు తీయిస్తుంది. కొన్ని చిప్పులు ఆ కునుకు నుంచి సరిగా లేవవు. ఈటీసీలో నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డరు, దానిలో కాన్ఫ్ డాట్ డీ ఫోల్డరు, దానిలో పవర్‌సేవ్ పేరున్న ఫైలు. మింట్‌లో, అలాంటి మరో లినక్స్ అయిన ఉబుంటులో ఉంటుంది. అందులో 3 ఉన్న చోట 2 అని మార్చి కంప్యూటరును ఆపి వేస్తే పొదుపు ఆగుతుంది.

రెండో అనుమానం రౌటరు ఉన్న చోటు. ఇనుప బీరువా మీద పెట్టి, పక్క గదిలో సిగ్నల్ లేదంటే ఏం చేస్తాం? 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలకు త్వరగా లొంగుతుంది, 2.4 నెమ్మదిగా ఉన్నా దూరం పోతుంది. దూరపు గదికి 2.4 వాడండి. పాత ల్యాప్‌టాప్ వైఫై చిప్పుకు 5 అసలు కనిపించకపోవచ్చు కూడా.

ఇక కంపెనీకి ఫోను చేయాల్సి వస్తే నేను ముందే ఒక చీటీ మీద రాసుకుంటాను: ఏ సమయానికి ఆగింది, ఏ దీపం ఏ రంగులో ఉంది, రౌటరు పలికిందా, 8.8.8.8 పలికిందా, గడువు ఎప్పటిదాకా ఉంది. అయిదు వరుసలే. అటునుంచి "కంప్యూటర్ ఒకసారి ఆపి వేయండి సార్" అనగానే ఆ వరుసలు చదువుతాను. లినక్స్ అన్న మాట మాత్రం నోట రానివ్వను. వచ్చిందో, తప్పంతా దాని మీదికి తోసి ఫోను పెట్టేస్తారు.